కోటయ్యగారి నిప్పు కాపలా

పక్కింటి వంటింట్లో తాలింపు మాడినట్టుంది. ఎండుమిరపకాయల ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో దిగింది. మా ఇంట్లో అందరూ దగ్గి, తుమ్మి, పక్కింటావిడను నాలుగు తిట్టుకుని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నారు. నేను మాత్రం మేడ మీదికి వెళ్ళిపోయాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు కోటయ్యగారు గుర్తొస్తారు. ఆయన గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఆయన మంచితనం గురించి రాయడం తేలికే. నా గురించి రాయాల్సిన చోటికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది.

గుంటూరు శివార్లలో మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీకి పక్కన కొత్త భవనం కడుతున్నారు. సైట్ ఇంజినీరుగా అది నా మొదటి ఉద్యోగం. కోటయ్యగారిది చిలకలూరిపేట దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళు పత్తి మిల్లుల్లో గ్యాస్ కటింగ్ చేసి, ఆ వెలుగుకి చూపు మందగించాక, నిప్పురవ్వలకు కాపలా ఉండే పనిలో చేరారు. ఇనుము కోసే చోటల్లా రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్ ఇసక పెట్టుకుని నిలబడేవారు. కోత అయిపోయాక అందరూ టీకి పోతే ఆయన ఒక్కరే అక్కడ బకెట్ బోర్లించుకుని గంటసేపు కూర్చునేవారు. "ఏందయ్యా కోటయ్యా, గుడ్లు పొదుగుతున్నావా?" అని వెల్డర్లు ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవారు గానీ లేచేవారు కాదు.

చేరిన మొదటి వారం నేనూ అడిగాను, ఆరిపోయిన రవ్వలకు ఇంత కాపలా ఎందుకని.

"ఆరిపోయిందని మనం అనుకుంటామమ్మా. పత్తిలో రవ్వ పడితే మంట రాదు. లోపల్లోపల తింటా పోద్ది. మనం అన్నం తిని చెయ్యి కడుక్కునే టయానికి బయటకొచ్చిద్ది" అన్నారు. తర్వాత నా చెయ్యి తిప్పి, వెనక వైపు గోడకు ఆనించమన్నారు. "అరచెయ్యి కాదు, అది మొద్దుబారి ఉంటది. చేతి వెనకాల పెట్టి చూడు. వేడి ముందు దానికే తెలుస్తది."

నాలుగేళ్ళు చదివిన చదువులో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. పని మొదలుపెట్టే ముందు చుట్టూ ముప్పై అడుగుల మేర ఖాళీ చేయించడం, గోడకు అవతలి వైపు ఏముందో స్వయంగా వెళ్ళి చూడడం, సిలిండర్ దూరంగా నిలబెట్టి గొలుసు వేయించడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నిప్పుతో పని చేసే ముందు రోజూ నేను రాసే పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టేవారు. ఆ చిన్న అక్షరాలు ఆయనకు ఆనేవి కావు. "నువ్వు రాశావుగా, ఇంక నేను చదివేదేముంది" అనేవారు.

ఆ రోజు కోల్డ్ స్టోరేజీలోని పాత గది గోడకున్న ఇనప బ్రాకెట్లు కోయాలి. గది నిండా మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు. అవతల మిర్చి యార్డుకి కొత్త పంట వచ్చిపడుతోంది, ఇవతల యజమానికి తొందర. టిక్కీలు బయటికి తీయించమన్నారు కోటయ్యగారు. చల్లటి సరుకు ఎండలోకి తెస్తే చెమ్మ పట్టి రంగు పోతుంది, రైతులు ఊరుకోరని కోల్డ్ స్టోరేజీ మేనేజరు ఒప్పుకోలేదు. చివరికి తడి గోనెపట్టాలు కప్పి కోత కానిచ్చారు. పదకొండింటికల్లా పని అయిపోయింది. కోటయ్యగారు భుజాన దుప్పటి కప్పుకుని ఆ చలిలోనే బకెట్ మీద కూర్చున్నారు.

ఇరవై నిమిషాలైందో లేదో మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. మనిషి లోపల ఉన్నంతసేపూ తలుపు తీసి ఉంచాలి, చల్లదనమంతా బయటికి పోతోందని అతని బాధ. "ఏమ్మా, ఫ్రిజ్జులో పెట్టిన అగ్గిపుల్ల వెలుగుద్దా? ఇంత చలిలో నిప్పు ఎక్కడ బతుకుద్దమ్మా? ఆ పెద్దాయన్ని లెమ్మను, తలుపేసుకుంటాం" అన్నాడు.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. అదీ నా తెలివి. లోపలికి వెళ్ళి కోటయ్యగారిని లెమ్మన్నాను.

"టిక్కీల వెనకాల ఇంకా చెయ్యి పెట్టి చూడలేదమ్మా. ఇంకాసేపు ఉండనీ."

"ఇంత చలిలో ఏం కాదు, రండి కోటయ్యగారూ. నేను చెప్తున్నాగా."

ఆయన నా ముఖం వైపు చూసి, బకెట్ తీసుకుని బయటికొచ్చారు. గంట కాపలా పూర్తయిందని పర్మిట్‌లో పొద్దున్నే రాసేశాను. రోజూ అలాగే ముందుగా నింపేసి, ఆయన చేత సంతకం పెట్టించేదాన్ని. ఒకేసారి పని అయిపోతుందని.

మధ్యాహ్నం మూడింటికి తలుపు సందుల్లోంచి పొగ వచ్చింది. గోడకీ టిక్కీలకీ మధ్య సందులో రవ్వ పడి గోనెను తింటూ పోయి, చలి నిలవడానికి గోడలో పెట్టిన థర్మోకోల్‌కు అంటుకుంది. మిర్చి కాలితే ఆ పొగలో మనిషి నిలవలేడు. బస్తాలు మోసే ముఠా కూలీలు, వెల్డర్లు, నేను, అందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. కోటయ్యగారు ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని నీళ్ళ పైపుతో లోపలికి పోయారు. ఫైరింజన్ వాళ్ళు బయటికి లాగేసరికి ఆయనకు స్పృహ లేదు. సాయంత్రం గేటు బయట, ఏడాది పంట బూడిదైన రైతులు నేల మీద కూలబడి ఏడ్చారు. నేను వాళ్ళ వైపు చూడలేకపోయాను.

విచారణలో కాగితం చూశారు. గంట కూర్చున్నట్టుంది, కింద ఆయన సంతకం ఉంది. గంట కూర్చున్నవాడికి నిప్పు కనబడలేదంటే నిద్రపోయి ఉండాలని తేల్చారు. మేనేజరు తల ఊపాడు. "అమ్మాయిగారు లెమ్మంటే లేచానండి" అన్నారు కోటయ్యగారు, ఒక్కొక్క మాటకీ దగ్గుతూ. అందరూ నా వైపు తిరిగారు. నేను కాగితం వైపు చూస్తూ, "అందులో ఉన్నదే జరిగిందండి" అన్నాను. ఆ తర్వాత ఆయన్ను ఏ సైట్లోనూ పనిలో పెట్టుకోలేదు. రెండేళ్ళకు ఊపిరితిత్తులు పాడై చనిపోయారు.

దినానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. ఆయన భార్య నన్ను పక్కకు తీసుకెళ్ళింది.

"అమ్మాయిగారు లెమ్మంటేనే లేచానని చచ్చేదాకా చెప్పాడమ్మా. కాగితంలో అట్టా లేదుగా, నిద్రపోయి నాతో కూడా అబద్ధమాడతావా అని నేనే తిట్టిపోశాను. ఒక్క మాట చెప్పు తల్లీ, నువ్వు లెమ్మన్నావా?"

"లేదండి" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.

ఇప్పుడు నేను సేఫ్టీ ఆఫీసర్ని. కోత అయిన ప్రతి చోటా గంటసేపు నేనే కూర్చుంటాను, చేతి వెనక వైపు గోడకు ఆనించి చూస్తాను. మేడం చాలా నిక్కచ్చి మనిషని కుర్రాళ్ళు చెప్పుకుంటారు. కూర్చున్నంతసేపూ కోటయ్యగారి భార్య అడిగిన ఆ ఒక్క మాటే చెవిలో ఉంటుంది. ఆవిడ ఇంకా బతికే ఉంది. ఊరు కూడా దూరమేమీ కాదు. నేను ఇంకా వెళ్ళలేదు.