రహంతు సాయిబు గట్టిగా చదివిన కాగితాలు

మొన్న ఆత్మకూరులో మా మనవడి వీధి మలుపు తిరుగుతుంటే మైదా బంక వాసన కొట్టింది. సినిమా పోస్టరేమో అనుకున్నాను. కాదు, లారీ డ్రైవరు ఇంటి తలుపుకు అప్పిచ్చినవాళ్లు వేలం నోటీసు అంటించి పోయారు. బంక ఇంకా ఆరలేదు. ఆ ఇంటావిడ గడప మీద కూర్చుని, "ఏం రాసుండారు తాతా?" అని అడిగింది. అప్పు ఇచ్చిన రోజున ఆమె చేత పదిహేను చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, ఏ పేజీలో ఏముందో ఒక్కడూ చదివి చెప్పలేదు. "చదువు లేనివాళ్లు, అందుకే మునిగారు" అని వీధిలో పెద్దమనుషులు అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఎవరికీ అర్థం కాకుండా రాసినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు. అక్కడే నిలబడి ఆ నోటీసు మొదటి నుంచి చివరిదాకా ఆమెకు గట్టిగా చదివి వినిపించాను. అలా చదవడం నాకు నేర్పినవాడు ఉదయగిరి రహంతు సాయిబు.

ఆయన ఉదయగిరి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసేవాడు. ఇల్లు అమ్మినా, కొన్నా, తాకట్టు పెట్టినా ఆ వరండాలో వరసగా కూర్చున్న రైటర్లలో ఎవరో ఒకరు రాయాల్సిందే. మిగతావాళ్లు బీడీ కాల్చి పారేసేలోపు పని ముగించి వేలిముద్ర వేయించేవారు. సాయిబు అలా కాదు. ముందు చిత్తు రాసుకుని, సాయంత్రం ఆ ఇంటికే నడిచి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, ఇంట్లో ఆడవాళ్లందరినీ పిలిపించి, కాగితం మొత్తం పెద్ద గొంతుతో చదివేవాడు. బాకీ తీర్చకపోతే ఏమవుతుందో ఆ ఇల్లాలు తన సొంత మాటల్లో చెప్పాలి. సరిగ్గా చెప్పేదాకా అసలు పత్రం మీద కలం పెట్టేవాడు కాదు. నోరు కూడా మెత్తనిది కాదు. "సంతకం నీది, పొయ్యి ఆమెది. రేపు ఆరేది పొయ్యి" అని మగవాళ్ల ముఖం మీదే అనేవాడు.

మదరాసు నుంచి మన రాష్ట్రం విడివడిన రోజులవి. ఉదయగిరి, దుత్తలూరు మెట్టపొలాల్లో వరసగా మూడేళ్లు జొన్న చేతికి రాలేదు. బీడు పొలాన్ని కొనేవాడు లేడు గనక ఇళ్లు తాకట్టుకు పోయాయి. మట్టి గోడకు ఏం ధర పలుకుతుంది? దూలాలకూ ద్వారబంధాలకూ వెల కట్టేవారు. కోర్టు అమీనా వచ్చి, టముకు వేయించి, వేలం మొదలుపెడితే అప్పిచ్చినవాడు తప్ప ఇంకొకడు నోరు తెరిచేవాడు కాదు. తోటివాడి ఇంటికి పాట పాడడం తప్పని మా ఊరి నమ్మకం. మంచి మర్యాదే, కానీ దానివల్ల బాగుపడింది షావుకారు. పోటీ లేదు, ఆయన చెప్పిందే ధర. ఇల్లు పోయి కూడా బాకీ మిగిలేది. ఉదయగిరిలో మా వీధిలో ఒకదాని తర్వాత ఒకటిగా ఇళ్లకు తాళాలు పడ్డాయి.

మా నాయనకూ అప్పు కావలసి వచ్చింది. సాయిబు ఇంటికొచ్చి ఆడవాళ్ల ముందు చదువుతాడంటే ఆయనకు నామోషీ. "మగోడి అప్పు అరుగెక్కి చాటాల్నా?" అని, అదే వరండాలో ఇంకో రైటరు చేత ఆత్మకూరు షావుకారు పేర కాగితం రాయించి, వేలిముద్ర వేసి వచ్చాడు. తాకట్టే కదా అనుకున్నాడు. రెండేళ్లకు నాయన చనిపోయాడు. ఆ మరుసటి వేసవిలో షావుకారు మనిషి వచ్చి, "ఇల్లు మా అయ్యది. రెండు నెలల్లో ఖాళీ చెయ్యండి" అని చెప్పిపోయాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. వడ్రంగం పని. పెళ్లయి ఆరు నెలలు. చదువు లేదు.

ఆఫీసులో దస్తావేజు నకలు తీయించుకుని సాయిబు బల్ల ముందు నిలబడ్డాను. దారం కట్టిన కళ్లద్దాలు పైకి తోసి చూశాడు.

"మీ నాయన నన్ను దాటుకోని మూడో బల్ల కాడ కూర్చున్నాడు. చూసినాను. పిలిస్తే కోపమొస్తాదని ఊరకున్నాను. అది నా తప్పే అబ్బయా."

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, అమ్మనూ నా భార్యనూ పిలిచి చదివాడు. అది తాకట్టు కాదు, అమ్మకం. మూడేళ్లలోపు అసలు తిరిగిస్తే ఇల్లు మళ్లీ రాసిస్తానని చివర్లో ఒక షరతు ఉంది. గడువు దాటితే ఆ షరతూ ఉండదు. ఇంకా నలభై రోజులు మిగిలాయి.

హద్దులు చదువుతూ ఆయన ఆగాడు. "పడమరకు మీ పశువుల దొడ్డి అని రాసుండాది. అంటే దొడ్డి ఇందులో లేదు. దాన్ని అమ్ముకోవచ్చు."

పక్కింటి కోటయ్య ఆ దొడ్డిని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ధర కుదిరింది. సాయిబు చిత్తు రాసి, మళ్లీ అరుగెక్కి చదివాడు. అమ్మ అంతా విని, "అయితే నేను బావికి యాడ్నించి పోవాల?" అంది. బావి దొడ్డికి అవతల ఉంది.

"కోటయ్య పోనిస్తాడులేమ్మా" అన్నాను.

"కోటయ్య పోనిస్తాడు. ఆయన కోడలు పోనిస్తాదా?"

సాయిబు నవ్వాడు. "ముగ్గురు మగోళ్లం రెండు రోజులు కూర్చున్నాం. ఒక్కడికన్నా నీళ్లు గుర్తొచ్చినాయంట్రా?" నాలుగడుగుల బావి దారి మాకే ఉంచి కాగితం తిరగరాశాడు.

డబ్బు చేతికి రాగానే ఆత్మకూరు పరుగెత్తబోయాను. సాయిబు పోనివ్వలేదు. "గడువు రోజున పోతే ఆయన ఊళ్లో ఉండడు. ముందుగా పోతే, ఏం షరతురా అంటాడు. నేను పక్కనుండి చదివితే నువ్వు నా ఎంట వచ్చినోడివి. నువ్వే చదివితే ఇంటోడివి" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఆయన బల్ల దగ్గరే. అక్షరాల వరస నేర్పలేదు, ఆ దస్తావేజే నాకు వాచకం. నేను మొదట చదివిన మాట 'తూర్పు'. ఒకటి రెండు వారాలకు గడగడా అప్పజెబితే రూళ్లకర్రతో బల్ల మీద కొట్టాడు. "బట్టీ పట్టినావు. కింద వరస నుంచి పైకి చదువు."

"నాకు కావాల్సింది ఇల్లు సాయిబూ, చదువు కాదు" అన్నాను ఉక్రోషంగా.

"చదివితేనే ఇల్లు. ఊఁ, చదువు."

గడువుకు పది రోజుల ముందు, సంత రోజున, అమ్మను తీసుకుని ఆత్మకూరు పోయాను. ఆ రోజును ఎంచింది సాయిబే. షావుకారు కొట్టు ముందు బస్తాల మధ్య జనం కిటకిటలాడుతున్నారు. డబ్బు తెచ్చానని, ఇల్లు తిరిగి రాసివ్వమని అడిగాను.

"అమ్మిన ఇల్లు తిరిగి రాసేదేందిరా?" అన్నాడు షావుకారు, తక్కెడ మీంచి చూపు తిప్పకుండా.

కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను. వేలు వరస తప్పలేదు. షరతు దగ్గరికి వచ్చాను. అనంతసాగరం రైతొకడు ముందుకు జరిగి, "ఆ ముక్క మళ్లీ చదువు నాయనా, మాదీ ఇట్టాంటి కాగితమే" అన్నాడు. మళ్లీ చదివాను.

"వేలిముద్రోడి కొడుక్కి చదువు యాడ్నించి వచ్చిందిరా?" అన్నాడు షావుకారు.

"మీరు రాయించుకున్న కాగితంలో నుంచే" అన్నాను.

అంతమంది ముందు కాదనలేకపోయాడు. వారం తిరక్కుండా ఉదయగిరి వచ్చి ఇల్లు తిరిగి రాసిచ్చాడు. ఆ కాగితమూ సాయిబే రాశాడు, ఫీజు కూడా అణా తగ్గించకుండా తీసుకున్నాడు. చదువు చెప్పినందుకు ఏమివ్వాలని అడిగితే విసుక్కున్నాడు. "ఇంకో ఇంటికి పోయి చదువు. నా గొంతు అరిగిపోయుండాది." ఆ మాట నేను నిజంగానే పట్టుకున్నాను. ఆయన పోయాక కూడా వింజమూరు దాకా పిలిచినవాళ్ల అరుగులెక్కి చదివాను. అన్ని ఇళ్లూ నిలిచాయని చెప్పను. పోయిన ఇళ్లు మాత్రం, కాగితంలో ఏముందో ఇంటివాళ్లకు తెలిసే పోయాయి. ఊరందరి హద్దులూ రాసిన ఆ మనిషి చివరిదాకా అద్దె ఇంట్లోనే బతికాడు. ఆయన దయ లేకపోతే నాకూ అదే గతి పట్టేది.

నాకు ఇప్పటికీ లోలోపల చదువుకోవడం రాదు. వేలు పెట్టి, పైకి చదవాల్సిందే. పోయిన ఏడాది మనవడు ఇంటి కోసం అప్పు తీసుకుంటుంటే, తెలుగు ప్రతి ఇస్తేనే సంతకమని పట్టుబట్టి, కోడలినీ మనవరాలినీ వెంట తీసుకుపోయాను. బ్యాంకు ఆఫీసరు బల్ల ముందు కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుతుంటే వెనక వరసలో జనం గొణిగారు, ఆఫీసరు గడియారం చూశాడు. నేను ఆపలేదు. ఏడో పేజీ దగ్గర మా కోడలు నా మోచేయి పట్టుకుంది.

"మామా, ఆగు. ఆ ముక్క మళ్లీ చదువు."