గాజు గ్లాసులో నీళ్లు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధి కాలువను చూస్తే చాలు, ఆ వారం మగ్గాల మీదికి ఏ రంగు చీరలు ఎక్కుతాయో చెప్పేసేదాన్ని. పట్టు దారానికి రంగులు వేయడం మా తాతయ్య పని. పెరట్లో రాగి గంగాళాలు ఎప్పుడూ ఉడుకుతూ ఉండేవి. దారం కడిగిన నీళ్లు కొన్ని కాలువలోకి, కొన్ని పెరటి గోడ పక్కన తవ్విన గుంతలోకి పోయేవి. కాలువలో కాగితం పడవలు వదిలితే అంచులకు కనకాంబరం రంగో, చిలకాకుపచ్చో ఎక్కేది. నాకు అంతకు మించిన సంబరం లేదు.

ఆ గోడ అవతల పక్కింటి అక్క ఉండేది. గోడను ఆనుకునే వాళ్ల బావి. అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డ ఆమెకు. వాళ్లాయన నేతగాడు. తాతయ్య రంగు వేసిన దారమే ఆ మగ్గం మీదికి వెళ్లేది. ఒకరోజు అక్క ఆరేసిన బిడ్డ తెల్ల చొక్కా లేత గులాబీ రంగులో కనిపిస్తే, ఎంత బాగుందో అన్నాను. అక్క నవ్వి, చొక్కా తీసుకొని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వేసవిలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ వాళ్లు జీపులో వచ్చి మగ్గాలకు అప్పులిస్తామని, అందరికీ చేతినిండా పని కల్పిస్తామని మైకులో చెప్పిపోయారు. మర్నాడు ఇంకో పార్టీ అభ్యర్థి వచ్చాడు. పని కావాల్సిందేనని, అయితే రంగునీళ్లను శుభ్రం చేయకుండా వదిలితే ఊళ్లో బావులన్నీ పాడవుతాయని, దానికి గట్టి చట్టం తెస్తామని అన్నాడు. మా తాతయ్యకు ఒళ్లు మండింది. ఆయన గొంతుకు మైకుతో పనిలేదు.

"ఏమప్పా, మా పొయ్యి ఆర్పేదానికి వచ్చినావా? ఈ రంగు మీదనే మా బతుకు ఉండాది. ఆ నీళ్లు విషమైతే నేనే తాగి చూపిస్తా!"

వీధంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆ పెద్దమనిషి ఏదో చెప్పబోయాడు గానీ ఎవరూ విననివ్వలేదు. జీపు తిప్పుకొని వెళ్లిపోయాడు.

అరిచి అరిచి తాతయ్య గొంతు ఎండిపోయింది. ఇంటికి వస్తూ పక్కింటి గడప దగ్గర ఆగి రెండు గుక్కలు నీళ్లిమ్మన్నాడు. మెచ్చుకుంటూ వెంట వచ్చినవాళ్లు కూడా నిలబడ్డారు. అక్క కాసేపు తటపటాయించింది. ఎప్పుడూ స్టీలు చెంబుతో ఇచ్చే మనిషి, ఆ రోజు లోపలికి వెళ్లి, చుట్టాల కోసం దాచిన గాజు గ్లాసులో తెచ్చింది.

తాతయ్య గ్లాసు పైకెత్తాడు. సాయంత్రపు ఎండలో ఆ నీళ్లకు లేత గులాబీ చాయ కనిపించింది. అది ఏ గంగాళం రంగో ఆయనకు ఒకరు చెప్పాలా?

"బావి నీళ్లేనా పాపా?"

"అవును పెదనాయనా. నిరుటి నుంచీ ఇట్లే వస్తాండాయి. మేము ఇవే తాగుతాండాము."

"నాతో ఒక మాట చెప్పొద్దా?"

"మా మగ్గం ఆడేది మీ రంగుతోనే గదా. ఏ మొగం పెట్టుకోని అడిగేది?"

తాతయ్య గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. అన్న మాట నిలబెట్టుకోవడానికి తాగాడో, తనకు తాను శిక్ష వేసుకున్నాడో నాకు తెలియదు. వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు ఆ బిడ్డ చొక్కా గుర్తొచ్చింది. అక్క ముఖం చూడలేకపోయాను.

మర్నాడే తాతయ్య గుంత పూడ్చేశాడు. రోజూ పొయ్యి వెలిగించే ముందు వీధి కొళాయి నుంచి బిందెడు నీళ్లు మోసుకెళ్లి అక్క గడప దగ్గర పెట్టేవాడు. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఆ పని మానలేదు. రంగులు వేయడమూ మానలేదు. మానితే మేము తినేదేమిటి? నీళ్లు కాలువలోకే పోయేవి. ఆ కాలువ ఇంకెవరి బావి పక్కనుంచో పోయేది. గెలిచినవాళ్లు గానీ ఓడినవాళ్లు గానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను చేసిందల్లా పడవలు వదలడం మానేయడమే.

నా పెళ్లి చీర దారానికి తాతయ్యే దగ్గరుండి కుంకుమ రంగు వేశాడు. ఇన్నేళ్లయినా వెలిసిపోలేదు. చూసినవాళ్లు మెచ్చుకుంటే నేను మాట మార్చేస్తాను. ఆ దారం కడిగిన నీళ్లు ఎటు పోయాయని ఆ రోజు నేను అడగలేదు. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా గాజు గ్లాసులోనే నీళ్లిస్తాను. ఇచ్చే ముందు ఒకసారి వెలుతురుకు ఎత్తి చూస్తాను.