మంచుదేశపు గాలి

కువైట్‌లోని జహ్రాలో నేను పనిచేసిన ఇంటావిడను, అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం, అమ్మా అన్నట్టుగా మామా అని పిలిచేదాన్ని. ఆమె వాతావరణ పరిశోధకురాలు. ఉత్తరాన మంచుదేశాలకు వెళ్లి, అక్కడి గాలిని గాజుబుడ్డీల్లో పట్టి తెచ్చేది. పోల్చి చూడటానికి మా మేడ మీద గాలి కూడా పట్టేది. గాలికి ఎదురుగా నిలబడి, ఊపిరి బిగబట్టి, మూత తిప్పేది. ముఖమంతా కందిపోయేది.

"ఎందుకు మామా ఇంత అవస్థ?" అన్నాను ఒకసారి.

"నా ఊపిరి కలిస్తే లెక్క తప్పుతుంది. అక్కడ గడ్డకట్టిన నేల కరుగుతోంది. దాంట్లోంచి లేచే వాయువులు లోకాన్నంతా వేడెక్కిస్తాయి. మన ఎండలు కూడా ముదురుతాయి."

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక సైనికులు మా ఇల్లు సోదా చేశారు. బుడ్డీల్లో విషవాయువు ఉందని అనుమానపడ్డారు. వాటిని లారీలోకి ఎక్కించి, విచారణకని ఆమెను కూడా రమ్మన్నారు.

"వాటిని పడేయకండి, పగులుతాయి. అది మంచు మీది గాలి, అంతే," అని ఆమె బతిమాలుతూనే ఉంది. లారీ ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

"మీ దేశంవాళ్లను దాటించే బస్సులు పోతున్నాయి. యల్లా, కదులు, నువ్వూ వెళ్లిపో."

"నిన్ను ఇడిసి యాడికి పోయేది మామా?"

ఆమె తిరిగి రాలేదు. ఎదురుచూసి చూసి, చివరికి పక్కింటివాళ్లు బలవంతపెడితే బస్సెక్కాను.

యుద్ధం ముగిశాక మళ్లీ కువైట్ వచ్చాను. ఆమె కబురు ఎవరికీ తెలియదు. రిగ్గైలో వేరే ఇంట్లో చేరాను. అక్కడి ఇంటావిడను మామా అని పిలవడానికి చాలాకాలం నాకు నోరు రాలేదు.