చక్‌లోంచి పాయసంలోకి

వట్లూరులో మా కొత్త ఇంటి ప్రార్థన రోజున పాస్టర్‌గారి పన్ను ఊడగొట్టినంత పని చేశాను. అదీ వంటగదిలోంచి కదలకుండా! ఎలాగో చెబుతాను, నవ్వు ఆపుకోనక్కర్లేదు.

అప్పటికి నేను కొత్త కోడలిని. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, వంటగది అలమరకి పిడి బిగిస్తున్నారు. ఫోనొస్తే స్క్రూలు బిగించే మిషన్ నా చేతికిచ్చి, "కాస్త పట్టుకోమ్మా, ఇప్పుడే వస్తా" అన్నారు.

పట్టుకోమన్నారు. విప్పమనలేదు. ఆ తేడా నాకు తర్వాత తెలిసింది.

ఆ మిషన్ మూతిని చక్ అంటారట. దాని తొడుగు ముందుకి లాగితే బిట్టు, అదే స్క్రూని తిప్పే పుల్ల, చేతిలోకి వచ్చేస్తోంది. మళ్ళీ పెట్టి వదిలితే 'టిక్'మని పట్టేస్తోంది, ఏనుగు లాగినా రాదు. మరి లోపల పట్టుకుంటున్నదెవరు? తొడుగు అంచున సన్నటి రింగు కనిపిస్తే జడపిన్నుతో కదిపాను.

రింగు ఎగిరింది, తొడుగు ఊడింది, వెనకున్న స్ప్రింగు నా ముక్కుకి తగిలింది. రహస్యం మాత్రం బయటపడింది! గొట్టానికి చిన్న రంధ్రం, అందులో సగ్గుబియ్యం గింజంత ఉక్కు గుండు. బిట్టు నడుముకి ఒక గాడి. తొడుగు వెనక్కి వచ్చి గుండుని నొక్కితే అది ఆ గాడిలో కూర్చుంటుంది. తొడుగు ముందుకి జరిగితే గుండు పక్కకి తప్పుకుంటుంది, బిట్టు ఊడుతుంది.

"అబ్బ, ఎంత తెలివి!" అని ఇంకా బాగా చూద్దామని మిషన్‌ని వంచాను. గుండు జారింది. కింద పొయ్యి మీద సగ్గుబియ్యం పాయసం. 'బుడుంగ్' అని కూడా అనలేదు.

మావారిని పిలిచాను. "ఏవండీ, బావగారి మిషన్‌లో గుండు పాయసంలో పడిందండీ."

"ఎలా ఉంటుంది?"

"అచ్చం సగ్గుబియ్యంలాగేనండీ."

ఆయన ఫ్రిజ్ మీది అయస్కాంతం పీకి ఇచ్చారు. కడిగి, దారం కట్టి గిన్నెలోకి దింపాను. అంతలో అత్తయ్యగారు వచ్చారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తీపి సరిపోయిందో లేదో చూస్తున్నానండీ."

"దారంతోనా?"

నేను అయస్కాంతం ఖాళీగా పైకి లాగి నోరు తెరిచేలోపే ఆవిడ గిన్నె హాల్లోకి పట్టుకెళ్ళి వడ్డించేశారు. గుండు ఎవరి నోట్లో ఉందో తెలియదు, నా గుండె మాత్రం నా నోట్లోనే ఉంది. "ఆగండాగండి!" అని పరిగెత్తేసరికే 'టక్'మని వినిపించింది.

పాస్టర్‌గారు దవడ పట్టుకున్నారు. పెద్దమనిషి, కోప్పడలేదు. "పాయసం అమృతంలా ఉందమ్మా. ఒక్క గింజ మాత్రం ఇంకా ఉడకాలి" అన్నారు.

"నా చేతి పాయసం ఉడకకపోవడమేంటండీ!" అని అత్తయ్యగారు.

అప్పుడే బావగారు వంటగదిలోంచి మిషన్ ముక్కలతో వచ్చారు. "ఇందులో గుండేదమ్మా?"

పాస్టర్‌గారు అరచేయి చాపారు. "ఇదేనా చూడండి బాబూ, నేను సగం నమిలాను."

ఇల్లంతా నవ్వింది, అత్తయ్యగారు తప్ప. అందరి ముందూ నేను గంభీరంగా ప్రమాణం చేశాను: ఇకమీదట పాయసం గిన్నెకి మూత పెట్టకుండా ఏ యంత్రాన్నీ విప్పను.