దండం పెట్టే అక్షరాలు

మొన్న ఇంటికొచ్చిన పెళ్లికార్డు మూలల్లో పసుపు వాసన తగలగానే, ఆర్మూర్‌లో అచ్చు వేయించిన మా అక్క పెళ్లికార్డులు గుర్తొచ్చాయి. వాటి మీద ఇంగ్లీషు పేర్లు ముందుకు వాలిన సన్నని అక్షరాల్లో ఉన్నాయి. వంకర రాతకు బడిలో రోజూ దెబ్బలు తినే నేను, "బాపూ, అక్షరాలన్నీ పడిపోయినయి" అన్నాను. ఇంగ్లీషు రాని బాపు నా మాట నమ్మి, అప్పటికే పసుపు పెట్టిన కార్డులతో నన్ను ప్రెస్సుకు లాక్కుపోయాడు.

"అన్నీ మళ్ల కొట్టియ్యి. మావోడు ఇంగ్లీషు మీడియం."

ప్రెస్సు గోడ మీది కార్డులన్నిటిలోనూ అవే వాలిన అక్షరాలు. నా తప్పు తెలిసింది. అయినా నోరు విప్పలేదు.

ప్రెస్సాయన నావైపు చూసి, "పోరడు మంచిగనే పట్టిండు పటేలా. కానీ అవి పడలే. చుట్టాలను పిలుస్తున్నయి కద, జర వంగి దండం పెడుతున్నయి" అన్నాడు.

"మరి తెలుగు అక్షరాలేంది, గట్ల నిలవడ్డయి?"

"అవి ముసలోళ్ల లెక్క. వంగితే నడుం పట్టేస్తది."

బాపు చల్లబడ్డాడు. కార్డు ఇచ్చిన ప్రతి ఇంట్లో, "అక్షరాలు దండం పెడుతున్నయి చూడు, మావోడే పట్టిండు" అని మురిసిపోయాడు. ఆ అక్షరాలకున్న మర్యాద నాకు లేకపోయింది. ప్రతి ఇంట్లోనూ ఆయన పక్కన నిటారుగా నిలబడి విన్నాను.