జాకరహోరు

దీవి మీద దిగేసరికి ఉదయం ఆరు నలభై. ఒడిశా సరిహద్దు రిజర్వాయరులో గంటన్నర లాంచీ ప్రయాణం. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, చేతిలో రైఫిలు, మోకాళ్ల దాకా బురద. దీవి అనగానే సముద్రం అనుకోకండి. డ్యాము కట్టినప్పుడు ఊళ్లు మునిగిపోతే నీళ్ల పైన మిగిలిన కొండ శిఖరం అది. పద్దెనిమిది మంది జవాన్లం, ఇసుక బస్తాల కాపలా మోర్చాలు నాలుగు. పదకొండు నెలల డ్యూటీ.

ఆ కొండకి పేర్లకేం కొదవ లేదు. పడవ నడిపే ఒడియా ఆయన జాకర్ డొంగర్ అనేవాడు. చేపలు పట్టే తెలుగువాళ్లకి జాకరకొండ. మా హిందీవాళ్ల నోట్లో జాగర్ టాపూ, అంటే జాగర్ దీవి. వైర్‌లెస్‌లో పాయింట్ సిక్స్. అసలు పేరు జాకరహోరు. జాకర మా దేవత, హోరు అంటే మా కువి భాషలో కొండ. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. మాది హుకుంపేట పైన చిన్న పల్లె. ప్లటూనులో మాత్రం వైజాగ్ అని చెప్పుకున్నాను. ట్రైనింగులో ఒకడు నా మాటకి నవ్వాడు, అప్పట్నించి కువి ముక్క నోట రానివ్వలేదు. అదే తెలివనుకున్నాను.

ఏడో నెలలో దీవికి బోర్డు పెట్టమని ఆర్డరొచ్చింది. పేరేమిటో ఇక్కడివాళ్లనే అడగమన్నాడు కమాండరు. పది గంటలకి ఒక ముసలమ్మ వచ్చింది. దీవి మీద మిగిలిన ఆరు గుడిసెలకీ ఆవిడే పెద్ద. కువి తప్ప ఇంకేదీ రాదు.

"జాకరహోరు అని రాయండయ్యా. నీళ్లకింద ఉన్న మా ఊరి పేరూ అదే. కొత్త పంట రోజున ఈ ఒడ్డున నిలబడి ఆ పేరుతో పిలిస్తేనే పోయిన మా పెద్దలు తినడానికి వస్తారు. పిలిచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేను పోయాక పిల్లలు బోర్డు చూసైనా పిలుస్తారు" అంది. తర్వాత నాకేసి తిరిగింది. "మొహం చూస్తేనే తెలుస్తోంది, నువ్వు మావాడివే కదా. వాళ్లకి చెప్పు నాయనా."

పక్కనే ఉన్న వైర్‌లెస్ ఆపరేటరు శ్రీకాకుళం వాడు. "ఏట్రా, ముసిల్ది నిన్నే సూత్తంది? ఏటంతంది?" అన్నాడు.

అందరూ నావైపే చూశారు. "బియ్యం అడుగుతోంది సార్" అన్నాను కమాండరుతో.

"నీకెలా తెలుసు?"

"సైగ చేసింది సార్."

కమాండరు మంచివాడు. రెండు కిలోల బియ్యం ఇప్పించాడు. ఆ సంచీ ఆవిడ చేతిలో పెట్టింది నేనే. బోర్డు మీద మూడు భాషల్లో జాగర్ టాపూ అని రాశారు. తెలుగు అక్షరాలు నా చేతివే.

డ్యూటీ అయ్యాక అరకులో రైలు దిగి, జీపెక్కి ఇల్లు చేరాను. గుమ్మంలో అమ్మ కువిలో పలకరించింది. నేను తెలుగులో జవాబిచ్చాను. ఆరేళ్లయింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు ముసలమ్మ బియ్యం ఇంటికి పట్టుకెళ్లలేదు. సంచీ విప్పి, నడుము లోతు నీళ్లలోకి దిగింది. గుప్పెడు గుప్పెడు చల్లుతూ, జాకరహోరు, జాకరహోరు అని పిలిచింది.

"పిచ్చిది, బంగారం లాటి బియ్యం నీల్లపాలు సేత్తంది" అన్నాడు ఆపరేటరు. ఒడ్డున అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.