రోడ్డు పక్కన వదిలేసిన కారు

పొద్దున ఎల్లారెడ్డిలో మా బడి పిల్లలకు వాతావరణ మార్పుల పాఠం చెప్పాను. "పొగంతా వదిలింది సంపన్న దేశాలు. ముందు వాళ్లు తగ్గించాలి, ఆ తర్వాతే మనలాంటి దేశాలకు చెప్పాలి" అని బల్ల గుద్ది మరీ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఒక్కణ్ణే కారులో కామారెడ్డికి వస్తుంటే, రోడ్డు పక్క మడిలో ఒక అవ్వ వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టబోతోంది. పక్క మడి అప్పటికే నల్లగా కాలి ఉంది. నేను ఆగి, దిగి, పొగతో గాలి ఎలా పాడవుతుందో తరగతిలో చెప్పినట్టే వివరించాను. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని ఆమె ఓపిగ్గా అంతా విన్నది. తర్వాత రోడ్డు వైపు చూసింది.

"గా బండి మీదేనా సారూ? లోపట ఎవలు లేరు, అయినా ఇంజన్ నడుస్తనే ఉన్నది."

"ఏసీ బందు పెడితే లోపట ఉడుకుతది గదా అవ్వా."

"నాకు నారు పోసే యాళ్లయింది, ఇంకో తొవ్వ లేక కాలవెడుతున్న. ముందుగాల మీరు దాన్ని బందు పెట్టుండ్రి. గప్పుడు నాకు చెప్పుండ్రి."

పొద్దున నేను చెప్పిన మాటే. ఆమె బల్ల గుద్దలేదు, అంతే తేడా.

ఇంజన్ ఆపడానికే కారెక్కాను. ఆపితే మళ్లీ దిగి ఆమె ముందు నిలబడాలి. మొహం చెల్లక అలాగే పోనిచ్చాను. కామారెడ్డి దాకా ఏసీ కూడా ఆపలేదు.

రేపు పిల్లలకు ఆ పాఠం మిగతా సగం చెప్పాలి. మీరైతే ఇంజన్ ఆపి దిగేవారా?